రిజిస్టర్లో మందు గడి

మౌలాలి గుట్ట కింద మా పార్కు.
ఎకరంన్నర. రెండు ఉయ్యాలలు, ఒకటి విరిగింది.
నేను సూపర్‌వైజర్ని, కాంట్రాక్టు మీద.
రిజిస్టర్లో నాలుగు గడులు:
తేదీ, పని, మందు, లీటర్లు.

వానలు పడ్డ మూడో వారం
పంపు చేతికిచ్చి ఈదమ్మతో అన్నాను:
గోడ పొంటి కలుపంతా కొట్టెయ్.
ఆమె పంపు కింద పెట్టింది.
"కలుపంటే ఏది సారూ? పేరు చెప్పు, కొడ్త."

నాకు పేర్లు రావు.
డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను.
లాటిన్ ముక్కలు రెండు గుర్తున్నాయి,
అవీ వేరే మొక్కలవి.

ఆమె వంగింది.
"ఇది గలిజేరు, పప్పుల ఏస్తం.
ఇది తుమ్మి, చవితినాడు ఒక్క బుక్కన్న తినాలె.
ఇది పిప్పింటి, దీని వేరు దొరికితే
పిల్లులు పొర్లి పొర్లి దొర్లుతయ్.
ఇది నేల ఉసిరి. సిగ్గెక్కువ,
కాయలు ఆకు ఎనక దాసుకుంటది.
ఇది ఉత్తరేణి, చీర కొంగు పట్టుకొని
టికెట్ లేకుంట ఈసీఐఎల్ దాక పోతది.
ఇది..."
ఆగింది. చిదిమింది, వాసన చూసింది.
"ఇది నాకు ఎరుక లేదు."

ఎరుక లేదన్న మాట
అంత తేలిగ్గా అనడం
నేను ఏ మీటింగులోనూ వినలేదు.

వయ్యారిభామను మాత్రం
చేతికి గుడ్డ చుట్టుకుని, పూత రాకముందే
వేరుతో సహా గుంజింది.
దాని మీద జాలి లేదు.

మందారాలకు పేనుబంక పట్టింది.
కొమ్మలన్నీ జిగట, మొగ్గలన్నీ ముడత.
ఈసారైనా పంపు ఎత్తబోయాను.
"పది రోజులు ఆగు సారూ."
మొదట్లో బూడిద పోసి చీమల దారి కట్టేసింది.
ఎనిమిదో రోజు వచ్చాయి
అక్షింతల పురుగులు,
ఎవరి పెళ్ళికో పోతూ దారిలో దిగినట్టు.
వాటి పిల్లలు నల్లగా, గరుకుగా,
వేలి గోరంత మొసళ్ళలా ఉంటాయని
అవే ఎక్కువ తింటాయని
నలభై మూడేళ్ళకు చూశాను.
ఇన్నేళ్ళూ నేను కొట్టించిన మందుకు
ముందు చచ్చింది ఎవరో అప్పుడు తెలిసింది.

ఎవరు నేర్పారమ్మా ఇదంతా?
"ఆకలి" అంది.
"కరువేడు మా వాడ ఆడోళ్ళం
గెట్ల పొంటి ఏరుకొచ్చి ఉడకేసుకున్నం.
ఏరుకునేటోళ్ళకు పురుగు గుడ ఎరుకైతది.
గొప్ప తెలివనుకోకు సారూ,
పైసలుంటే మేము గూడ గోబిపువ్వే కొనేటోళ్ళం."

నేను దాన్ని పొగడబోతున్నాను.
నోరు మూసుకున్నాను.

కాలనీ సెక్రటరీ భానోజీరావు గారు
అడవిలా ఉందని ఫిర్యాదు రాశారు.
జేబులో మాత్రల సీసా, కిడ్నీలకట, ఆరొందల ఇరవై.
సీసా మీద సంస్కృతంలో పునర్నవ,
చెప్పుల కింద తెలుగులో గలిజేరు.
ఒకరినొకరు గుర్తుపట్టలేదు.
ఈదమ్మకు చెప్తే నవ్వలేదు.
"డాక్టరు మందు మానొద్దని చెప్పు" అంది,
"ఆకు ఆకే, రోగం రోగమే."

నెలాఖరు. ఇన్‌స్పెక్షన్.
రిజిస్టర్ తెరిచి చాలాసేపు కూచున్నాను.
మందు గడిలో రాశాను: ఆగుట.
లీటర్ల గడిలో కొట్టేసి: ఎనిమిది రోజులు.
రేపు ఏమంటారో తెలీదు.
కొత్త సంతకం పెట్టనిస్తారో లేదో.

ఆమె వేలిముద్ర కావాలి.
ఇంకు ప్యాడ్ ఎండకు ఎండిపోయింది.
కుళాయి పక్క బురదలోంచి
గుంటగలగర ఆకు తెంపి, నలిపి,
బొటనవేలికి రాసుకుని
కాగితం మీద ఒత్తింది.

పచ్చగా ఉంది ముద్ర.
ఇది చెల్లదేమో అన్నాను.
"జర ఆగు" అంది, పార అందుకుంటూ.

పొద్దుగూకే వేళకు చూస్తే
గీత గీతా నల్లబడింది.